చర్మం దగ్గర మొదలుపెట్టు: నీటిగుర్రం మీద రాస్తున్న యువ రచయితకు లేఖ

చిరంజీవి వనజకు,

ఆశీస్సులు. నీటిగుర్రం మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. కష్టపడి సేకరించావని తెలుస్తూనే ఉంది. వాక్యం కూడా నీ చెప్పుచేతల్లో ఉంది. అయినా చదవడం అయ్యాక జంతువు నా కళ్ళముందు కదల్లేదు. 3 టన్నుల బరువు, అర మీటరు కోరలు, గంటకు 30 కిలోమీటర్ల పరుగు, రక్తపు చెమట, అన్నీ వరసగా వచ్చి వెళ్ళిపోయాయి. వాటి మధ్య చుట్టరికం ఏమిటో నువ్వు చెప్పలేదు. వింతలు ఎన్ని పేర్చినా జీవి తయారుకాదమ్మా. ఒక జంతువు అలవాట్ల గురించి రాసేవాళ్ళు ముందుగా పట్టుకోవాల్సింది ఆ అలవాట్లన్నిటికీ మూలమైన ఇబ్బందిని. నీటిగుర్రానికి ఉన్న ఇబ్బంది ఇది: దాని చర్మం ఎండకు తట్టుకోలేదు, దాని తిండేమో ఒడ్డున ఉంది. పగలు నీళ్ళు, రాత్రి గడ్డి అనే ఆ బతుకంతా ఇక్కడి నుంచే పుట్టింది. మళ్ళీ రాసేటప్పుడు చర్మం దగ్గర మొదలుపెట్టు.

"తూటా కూడా దిగని మందపాటి చర్మం" అని రాశావు. కొట్టెయ్యి. చర్మంలో లోపలి పొర మందమైనదే, కొన్నిచోట్ల ఐదారు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. పై పొర మాత్రం చాలా పలచన. వెంట్రుకలు లేవనే చెప్పాలి. మూతి మీద, తోక కొసన కాసిని బిరుసు పోగులు, అంతే. ఆ పలచని పొర గుండా ఒంట్లోని నీరు మన చర్మం నుంచి పోయేదానికన్నా ఎన్నో రెట్లు వేగంగా ఆవిరైపోతుంది. ఎండలో ఎక్కువసేపు నిలబడితే చర్మం ఎండి పగులుతుంది. అంత పెద్ద ఒళ్ళు, పొడిగాలిలో ఇంత బలహీనమైన కవచం: ఈ రెండూ ఒకే వాక్యంలో పక్కపక్కన పెట్టు. పాఠకుడికి ఆ జంతువు నీళ్ళు వదలకపోవడానికి కారణం ఎవరూ చెప్పక్కర్లేకుండా అర్థమవుతుంది.

"రక్తపు చెమట" సంగతి ఈ పేరాలోనే రావాలి, చివర్లో వింతగా కాదు. చర్మం కింది గ్రంథుల నుంచి చిక్కటి ద్రవం ఊరుతుంది. ఊరినప్పుడు రంగు ఉండదు. కొద్ది నిమిషాల్లో ఎర్రబడి, తర్వాత గోధుమరంగుకు తిరుగుతుంది. అది రక్తమూ కాదు, మనకు పట్టే చెమట లాంటిదీ కాదు. 2004లో జపాన్ రసాయన శాస్త్రవేత్తలు అందులోని రెండు రంగు పదార్థాలను విడదీసి చూపించారు. ఎర్రదానికి హిప్పోసుడోరిక్ ఆమ్లం అనీ, నారింజ రంగుదానికి నార్‌హిప్పోసుడోరిక్ ఆమ్లం అనీ పేర్లు. రెండూ అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటాయి. ఎర్రది కొన్ని బ్యాక్టీరియాలను పెరగనివ్వదు కూడా. కోరలతో పొడుచుకునే జంతువు, పేడ కలిసిన నీళ్ళలో రోజంతా ఉండే జంతువు, దాని గాయాలు తరచూ చీము పట్టకుండా మానిపోవడం పరిశీలకులను ఎప్పటి నుంచో ఆశ్చర్యపరిచిన విషయం. ఇంత మంచి సమాచారాన్ని "ఎర్రగా చెమట పడుతుంది, భలే వింత" అని తేల్చేస్తే నష్టపోయేది నీ వ్యాసమే. ఇంకొకటి, ఎర్ర ద్రవం గురించి చదివినవాళ్ళు దాని పాలు కూడా గులాబీ రంగులో ఉంటాయని రాస్తుంటారు. నువ్వూ రాశావు. పాలు తెల్లగానే ఉంటాయి.

ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాయడం ఈ జంతువు విషయంలో చాలా పాత జబ్బు. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలోనే గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ దీనికి గుర్రపు జూలునూ, ఎద్దుకున్నట్టు చీలిన గిట్టలనూ అంటగట్టాడు. నిజానికి ఒక్కో పాదానికి నాలుగు వేళ్ళు, నాలుగూ నేలకు ఆనతాయి, వాటి మధ్య కొద్దిపాటి పొర ఉంటుంది. చూడనిదాన్ని రాయాల్సి వచ్చినప్పుడు కొలిచినవాడు ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడు ప్రశ్నలూ వేసుకో. మూడింటికీ జవాబు దొరకని మాట వ్యాసంలో ఉండకూడదు.

ఇక నీళ్ళలోకి రా. నీ వ్యాసంలో అది ఆరుచోట్ల "ఈదింది". పెద్ద నీటిగుర్రం ఈదదు, తేలదు కూడా. ఎముకలు బరువైనవి, ఒళ్ళు నీటికన్నా బరువు. అది నీటి అడుగున నడుస్తుంది, కాళ్ళతో అడుగును తన్ని ముందుకు ఎగురుతూ సాగుతుంది. అందుకే నిలబడితే వీపు మునిగేంత లోతు దానికి ఇష్టం, మరీ లోతైన చోటు కాదు. కళ్ళు, చెవులు, ముక్కు మూడూ తల పైభాగాన ఒకే వరసలో ఉంటాయి కాబట్టి మిగతా ఒళ్ళంతా ముంచి ఆ మూడింటినీ బయటపెట్టి గంటలకొద్దీ ఉండగలదు. మునిగినప్పుడు ముక్కురంధ్రాలూ చెవులూ మూసుకుంటాయి. పెద్దవి సాధారణంగా 3 నుంచి 5 నిమిషాలకొకసారి గాలికి పైకి వస్తాయి. నీటి అడుగున నిద్రలో ఉన్నా ఒళ్ళు తనంతట తానే పైకి లేచి ఊపిరి తీసుకుని మళ్ళీ కిందికి దిగుతుంది, నిద్ర చెడదు.

ఇప్పుడు నీ వాక్యం చూడు: "భారీ నీటిగుర్రం నదిలో హాయిగా ఈదుతోంది." దీంట్లో ఉన్న ఒకే ఒక్క సమాచారం తప్పు. హాయి నీది, దానిది కాదు. ఇలా రాసి చూడు: "ముందు రెండు ముక్కురంధ్రాలు నీటి పైన తెరుచుకున్నాయి. ఊపిరి బుస్సుమంది. చెవులు టపటపా విదిలించుకుని, గాలి పీల్చుకుని మళ్ళీ మునిగింది. నాలుగు నిమిషాల తర్వాత పది గజాల అవతల తేలింది." విశేషణం ఒక్కటీ లేదు. బరువూ, అడుగున నడకా, ఊపిరి వ్యవధీ అన్నీ క్రియల్లోనే వచ్చేశాయి. జంతువుల గురించి రాసేటప్పుడు క్రియ సరిగ్గా పడితే విశేషణానికి పని ఉండదు.

ఇలాంటి వాక్యం ఊహించి రాయలేవు. ఏదైనా జంతుప్రదర్శనశాలలో నీటిగుర్రాల కొలను దగ్గర రెండు గంటలు కూర్చో. గడియారం చేత పట్టుకుని ఒకే జంతువును ఎంచుకో. అది మునిగిన క్షణం, తేలిన క్షణం రాసుకుంటూ పో. ఇరవై మునకలైనా పోగుచేసుకుంటే సగటు ఎంతో, అన్నిటికన్నా పొడుగైన మునక ఏదో నీకే తెలుస్తుంది. తేలేటప్పుడు ముందు ఏది కనబడుతుంది, చెవులు ఎప్పుడు విదిలిస్తుంది, ఒడ్డుకొచ్చాక వీపు మీద తడి ఆరడానికి ఎంతసేపు పట్టింది, ఎరుపు ఎక్కడ మొదలైంది, ఇవన్నీ చూడు. ఒక్క జాగ్రత్త: మేత వేసే వేళకు ముందూ వెనకా అరగంట లెక్కలోకి తీసుకోకు. అప్పుడు అది మనిషి కోసం ఎదురుచూసే జంతువులా ప్రవర్తిస్తుంది. అలాగే అక్కడ పగటిపూట తినడం చూసి "పగలు మేస్తుంది" అని రాయకు. ప్రదర్శనశాల మనకు శరీరాన్ని చూపిస్తుంది, దినచర్యను కాదు.

గుంపు గురించి రాసిన పేరా మొత్తం మార్చాలి. "కుటుంబ పెద్ద అయిన మగది తన భార్యాబిడ్డలను కాపాడుతూ ఉంటుంది" అన్నావు. నీళ్ళలో కనబడే గుంపు ఏనుగుల గుంపులాంటి బంధుబృందం కాదు. సాధారణంగా 10 నుంచి 30 దాకా, నీళ్ళు తగ్గే కాలంలో వందకు పైగా కూడా ఒకచోట చేరతాయి. వాటిని దగ్గర చేర్చింది అనుబంధం కన్నా ఆ మడుగే. చీకటి పడగానే ఎవరి దారి వారిది, తల్లీపిల్లా తప్ప. మగది కాపలా కాసేది ఆడవాటిని కాదు, ఒడ్డు ముక్కని: నదిలో అయితే 50 నుంచి 100 మీటర్లు, సరస్సులో 250 నుంచి 500 మీటర్లు. ఆ మేరలో జతకట్టే హక్కు తనది. తల వంచి ఉండే ఇతర మగవాటిని ఉండనిస్తుంది కూడా. ఈ హద్దులన్నీ నీటి వరకే. రాత్రి గడ్డి మైదానంలో రెండు బద్ధశత్రువులు పక్కపక్కనే మేసినా గొడవ ఉండదు. ఈ తేడా నీ పాఠకులకు తెలియాలి, ఎందుకంటే అది దేని కోసం పోట్లాడుతుందో తేల్చి చెప్పేది ఇదే: పగలు తలదాచుకునే నీటి కోసం. మళ్ళీ చర్మం దగ్గరికే వచ్చాం చూడు.

హద్దు చాటడానికి దాని దగ్గర రెండు సాధనాలున్నాయి. ఒకటి పేడ. మగది వెనక్కి తిరిగి, పొట్టి తోకను అటూ ఇటూ గబగబా ఊపుతూ పేడనూ మూత్రాన్నీ చుట్టూ చిమ్ముతుంది. రెండోది కూత. ముందు సన్నగా సాగే ఒక పొడుగు శబ్దం, వెంటనే వరసగా మొరటు గురకలు. ముక్కు గాలిలో, గొంతు నీళ్ళలో ఉండగా కూస్తే ఆ కూత గాలిలోనూ నీళ్ళలోనూ ఒకేసారి వినబడుతుంది. మునిగి ఉన్నవి కూడా విని పైకి వచ్చి బదులిస్తాయి. దీన్ని శోధించి చెప్పినవాడు అమెరికా జీవశాస్త్రవేత్త విలియం బార్క్‌లో. ఇంకా మంచి పరిశోధన 2022లో వచ్చింది. ఫ్రాన్స్‌కు చెందిన నికొలాస్ మతెవాన్ బృందం మొజాంబిక్‌లోని మపూటో అభయారణ్యంలో నీటిగుర్రాల కూతలను రికార్డు చేసి, ఒడ్డున స్పీకరు పెట్టి వాటికే వినిపించింది. సొంత గుంపు కూత, అదే సరస్సులోని పొరుగు గుంపు కూత, దూరాన ఉన్న ముక్కూమొహం తెలియని గుంపు కూత. కొత్తవాళ్ళ గొంతు విన్నప్పుడే ఎక్కువ గట్టిగా స్పందించాయి, పేడ చిమ్మడమూ ఎక్కువైంది. ఈ ప్రయోగాన్ని నీ వ్యాసంలో ఐదారు వాక్యాల్లో చెప్పు. "గొంతు గుర్తుపడుతుంది" అని ఊరికే అనడానికీ, ఎలా తెలిసిందో చూపించడానికీ ఉన్న తేడా పాఠకుడి నమ్మకం దగ్గర తెలుస్తుంది.

రాత్రి భాగం నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. నా దృష్టిలో వ్యాసానికి గుండెకాయ అదే, దానికి మూడో వంతు చోటు ఇవ్వు. పొద్దు వాలాక ఒక్కొక్కటీ ఒడ్డెక్కుతాయి. తరాలుగా నడిచిన దారులు ఉంటాయి. ఎడమ కాళ్ళూ కుడి కాళ్ళూ దూరంగా పడతాయి కాబట్టి ఆ దారి రెండు గాళ్ళుగా అరిగి, మధ్యలో గట్టు మిగులుతుంది. బోట్స్వానాలోని ఓకవాంగో డెల్టాలో ఈ దారులే నీళ్ళు పారే కాలువలుగా మారతాయి. మామూలుగా 3 నుంచి 5 కిలోమీటర్లు, గడ్డి కరువైతే ఇంకా దూరం నడుస్తాయి. మేత ఐదారు గంటలు. కోరలతో గడ్డి కోస్తుందని రాశావు, తప్పు. కోరలు పోట్లాటకే. గడ్డి కోసేవి పెదాలు. అర మీటరు వెడల్పున్న ఆ గట్టి పెదాలతో పొట్టిగడ్డిని మొదలంటా పట్టి లాగుతుంది. అందుకే అవి మేసిన చోట గడ్డి కురచగా, సమంగా ఉంటుంది. ఆ లేతగడ్డి కోసం వేరే మేత జంతువులూ వస్తాయి. కడుపులో మూడు గదులున్నాయి, గడ్డి వాటిలో పులిసి అరుగుతుంది, కానీ నీటిగుర్రం నెమరు వేయదు.

రాత్రికి సుమారు 40 కిలోల గడ్డి అన్న అంకె నువ్వు ఇచ్చావు. సరైనదే. అది ఎక్కువా తక్కువా అన్నది మాత్రం చెప్పలేదు. టన్నున్నర ఒంటికి అది తక్కువ. పగలంతా నీటిలో కదలకుండా ఉండటం వల్ల శక్తి ఖర్చు తక్కువ కాబట్టి ఆ కొద్ది మేత సరిపోతోంది. అంకె పక్కన ఇలాంటి కారణం లేకపోతే అది పాఠకుడి చెవిలో ఒక క్షణం మోగి పోతుంది.

తిన్నది ఒడ్డున, విసర్జించేది చాలావరకు నీటిలో. అంటే ప్రతి రాత్రీ గడ్డి మైదానం కొంచెం కొంచెంగా నదిలోకి చేరుతోంది. కెన్యాలోని మారా నదిలో దీన్ని లెక్కగట్టారు. అక్కడి 4,000కు పైగా నీటిగుర్రాలు రోజుకు సుమారు 36,000 కిలోల పేడను నీటిలో కలుపుతున్నాయని క్రిస్ డట్టన్, అమాండా సుబలుస్కీల బృందం తేల్చింది. ఇలాంటి అంకె కనబడగానే భాగహారం చెయ్యి: ఒక్కోదానికి 9 కిలోలు. 40 కిలోల పచ్చిగడ్డి తిన్న జంతువుకు ఇది నమ్మదగ్గ లెక్క. భాగిస్తే 90 కిలోలు వచ్చి ఉంటే ఎక్కడో సున్నా ఎక్కువ పడిందని నీకు వెంటనే తెలిసేది. పెద్ద అంకెను ఒక్క జంతువుకు, ఒక్క రోజుకు దించి చూడకుండా ఎప్పుడూ అచ్చుకు పంపకు.

ఆ పేడ ఏం చేస్తుందన్నది ఇంకా ఆసక్తికరం. నది బాగా పారుతున్నప్పుడు అది పురుగులకూ చేపలకూ ఆహారం. గడ్డిలోని సిలికా కూడా దానితోపాటు నీటికి చేరుతుంది. డయాటమ్‌లు అనే సూక్ష్మ నాచుజీవులు తమ పెంకులు కట్టుకోవడానికి అది కావాలి. ఎండాకాలంలో ప్రవాహం తగ్గితే కథ మారుతుంది. పేడ మడుగు అడుగున పేరుకుంటుంది, దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్ మొత్తం తినేస్తాయి. అప్పుడు పైన వాన పడి ఒక్కసారిగా నీరొస్తే ఆ ఆక్సిజన్ లేని నీరు కిందికి కొట్టుకుపోయి, దారిలోని చేపలు గుంపులుగా చచ్చి తేలుతాయి. మారాలో ఇది చాలాసార్లు నమోదైంది. "నదికి మేలు చేస్తుంది" అనీ "నదిని పాడు చేస్తుంది" అనీ రెండు రకాల వ్యాసాలు నీకు దొరుకుతాయి. తేల్చేది జంతువు కాదు, నీటి ప్రవాహం. పైన పంటలకు నీళ్ళు తోడేసిన నదిలో అదే పేడ విషమవుతుంది. నీ వ్యాసంలో మనిషి బాధ్యత గురించి చెప్పదలచుకుంటే ఇక్కడ చెప్పు, చివర్లో ఉపన్యాసంలా కాదు.

నీరు తగ్గితే ఇంకో ముప్పు ఆంత్రాక్స్ అనే ప్రాణాంతకమైన బ్యాక్టీరియా జబ్బు. దాని బీజాలు నేలలో ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి. 1987లో జాంబియాలోని లువాంగ్వా లోయలో 4,000కు పైగా నీటిగుర్రాలు దీనికి బలయ్యాయి. 2004లో ఉగాండాలోని క్వీన్ ఎలిజబెత్ జాతీయవనంలో సుమారు 300, 2017లో నమీబియాలోని బ్వాబ్వాటాలో వందకు పైగా చనిపోయాయి. నీటిగుర్రాలు మాంసం తినడం కూడా అరుదుగా చూశారు; జోసెఫ్ డడ్లీ 1995లో జింబాబ్వేలోని హ్వాంగేలో దాన్ని గమనించి రాశాడు. చచ్చినవాటిని తినడం వల్ల కూడా ఆంత్రాక్స్ పాకుతుందని ఆయన వాదన. నువ్వు "నీటిగుర్రం మాంసాహారి కూడా!" అని ఆశ్చర్యార్థకంతో ఉపశీర్షిక పెట్టావు. రోజూ రాత్రి జరిగే మేతకు రెండు వాక్యాలు, అరుదుగా జరిగేదానికి ఉపశీర్షికా? చోటు కేటాయింపు కూడా ఒక వాదనే. ఎంత చోటిస్తే అంత ముఖ్యమని పాఠకుడు అనుకుంటాడు.

కొలతల విషయంలో గరిష్ఠాన్ని సగటుగా రాయడం నీ వ్యాసంలో అడుగడుగునా ఉంది. పెరిగిన మగది సగటున టన్నున్నర, ఆడది సుమారు 1,300 కిలోలు. 3 టన్నులు దాటినవి ఉన్నాయి, కానీ ముసలి మగవాటిలో, అరుదుగా. కింది కోరలు అర మీటరు దాకా పెరుగుతాయి. నోరు 150 డిగ్రీల దాకా తెరుస్తుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగం కొద్దిదూరానికే. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్ళు వీడియోలు పరిశీలించి 2024లో ప్రకటించిన సంగతి చేర్చుకో: వేగం పెరిగినా నీటిగుర్రం దుడుకు నడకే నడుస్తుంది, గుర్రంలా దౌడు తీయదు, అయితే బాగా వేగంగా వెళ్ళేటప్పుడు ఒక్కో అంగలో 15 శాతం దాకా సమయం నాలుగు కాళ్ళూ గాలిలో ఉంటాయి.

"ఏటా 500 మందిని చంపుతుంది" అన్న వాక్యం తీసెయ్యి. ఏ దేశాల్లో, ఏ ఏడాది, ఎవరు నమోదు చేశారన్నది లేకుండా అది ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకుతోంది. మనుషులు చనిపోతున్నది నిజం. చనిపోయేవాళ్ళు ఎక్కువగా నీళ్ళకు వెళ్ళేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, నది ఒడ్డున పంట కాసుకునేవాళ్ళు. అంకెకు బదులు అది ఎలా జరుగుతుందో రాయి. మేతకెళ్ళిన జంతువుకూ నీటికీ మధ్య మనిషి అడ్డం పడితే అది నీటివైపే పరిగెత్తుతుంది, దారిలో ఉన్నదాన్ని తొక్కుకుంటూ. మునిగి ఉన్నదాని మీదుగా పడవ వెళితే కింద నుంచి లేచి బోర్లా కొడుతుంది. పిల్ల ఉన్న తల్లి దగ్గరికి ఎవరొచ్చినా ఊరుకోదు. తెల్లవారుజామునా పొద్దు వాలేటప్పుడూ దాని దారుల్లో నడవడం, ఎండాకాలంలో ఇరుకైన మడుగుల దగ్గరికి వెళ్ళడం మరీ ప్రమాదం. "క్రూరమైన", "పగబట్టే" అన్న మాటలు లేకుండానే పాఠకుడికి భయం తెలుస్తుంది, ఎందుకు భయపడాలో కూడా తెలుస్తుంది.

పిల్లల గురించి క్లుప్తంగా చాలు. గర్భం సుమారు 8 నెలలు. తల్లి గుంపు వదిలి పక్కకు వెళ్ళి నీటిలోనో నీటి అంచునో ఈనుతుంది. సాధారణంగా ఒకే పిల్ల, 25 నుంచి 50 కిలోలు. నీటి అడుగునే చెవులూ ముక్కూ మూసుకుని పాలు తాగుతుంది, లోతైన చోట తల్లి వీపెక్కుతుంది. మొసళ్ళూ సింహాలూ పిల్లల్ని ఎత్తుకుపోతాయి. మగ నీటిగుర్రాలు పిల్లల్ని చంపిన సంఘటనలూ నమోదయ్యాయి. దాన్ని దాచకు, సాగదీయకు. ఆడది సుమారు రెండేళ్ళకొక పిల్లను కంటుంది. ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటే వేట ఎందుకంత దెబ్బ తీస్తుందో అర్థమవుతుంది. కాంగోలోని విరుంగా జాతీయవనంలో 1970ల మధ్యలో సుమారు 29,000 ఉండేవి. యుద్ధాల్లో సాయుధ దళాలు మాంసం కోసం, దంతాల కోసం వేటాడగా 2005 నాటికి వెయ్యి లోపుకు పడిపోయాయి. 1995 నుంచి నీటిగుర్రం దంతాల అంతర్జాతీయ వ్యాపారం, అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధం కింద నియంత్రణలో ఉంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) దీన్ని ముప్పు పొంచి ఉన్న జీవుల్లో చేర్చింది. ఆఫ్రికా మొత్తంలో మిగిలినవి 1,15,000 నుంచి 1,30,000 అని దాని అంచనా.

కొలంబియా సంగతి కూడా ఇక్కడే పెట్టు. మాదకద్రవ్యాల నేరస్తుడు పాబ్లో ఎస్కోబార్ 1980ల మొదట్లో తన ఎస్టేటుకు ఒక మగదాన్నీ మూడు ఆడవాటినీ తెప్పించుకున్నాడు. 1993లో అతను చనిపోయాక అవి మగ్దలేనా నది పరివాహకంలోకి వెళ్ళిపోయాయి. 2023 నాటి ప్రభుత్వ అంచనా 169. ఆఫ్రికాలో వీటిని అదుపులో ఉంచే కరువు కాలం అక్కడ లేదు, పిల్లల్ని పట్టే సింహాలు లేవు. ఒకే జంతువు విరుంగాలో తరిగి మగ్దలేనాలో పెరిగింది. రెండూ పక్కపక్కన చెబితే నీరు, వేట అనే రెండు పగ్గాలూ పాఠకుడికి కనబడతాయి.

బంధుత్వం పేరా చివరికి జరుపు. పందికీ గుర్రానికీ చుట్టమని రాశావు. బతికున్నవాటిలో దీనికి దగ్గరి బంధువులు తిమింగలాలు. రెండు శాఖలూ విడిపోయి సుమారు 5.5 కోట్ల సంవత్సరాలు. ఇక్కడ చాలామంది తొందరపడి "నీటి బతుకు ఇద్దరికీ వారసత్వంగా వచ్చింది" అనేస్తారు. 2021లో రెండింటి చర్మాన్నీ, చర్మానికి సంబంధించిన జన్యువులనూ పోల్చిన పరిశోధన మాత్రం రెండూ విడివిడిగానే నీటికి అలవాటు పడ్డాయని చూపింది. పాత కాలపు నీటిగుర్రాల శిలాజాలు నర్మదా లోయలోనూ, శివాలిక్ కొండల్లోనూ, లండన్ నడిబొడ్డున ట్రఫాల్గర్ స్క్వేర్ కింద కూడా దొరికాయి. ఒక్క వాక్యంలో చెప్పి వదిలెయ్యి.

పొట్టి నీటిగుర్రం వేరే జాతి. లైబీరియా, సియర్రా లియోన్, గినీ, ఐవరీ కోస్ట్ అడవుల్లో ఒంటరిగా తిరిగేది, 180 నుంచి 275 కిలోలు. కళ్ళు తల పైన కాకుండా పక్కలకు ఉంటాయి, ఆకులూ రాలిన పండ్లూ తింటుంది. 2024లో థాయిలాండ్ జంతుప్రదర్శనశాలలో పుట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న మూ డెంగ్ ఈ జాతిదే. దాని ఫోటో పెట్టి కింద పెద్ద నీటిగుర్రం బరువు రాశావు, మార్చు.

తిరగరాసేటప్పుడు పాత ప్రతిని దిద్దకు. దాన్ని పక్కన పెట్టి, ఒక జంతువు మధ్యాహ్నం నుంచి మర్నాటి తెల్లవారుజాము దాకా గడిపిన కాలాన్ని వరసగా రాయి, చర్మమూ నీరూ దారీ గడ్డీ పేడా వాటి వేళకు అవి వస్తాయి. అప్పుడు పాత ప్రతి తీసి, ఆ వరసలో చోటు దొరకని వాస్తవాలు ఏవో చూడు. వాటిలో సగం వదిలేయాల్సినవే. ప్రతి అంకె పక్కనా మార్జిన్‌లో పెన్సిలుతో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాసి ఆ ప్రతినే నాకు పంపు.

మొదటి పేజీకి నోరు బార్లా తెరిచిన ఫోటో ఎంచుకున్నావు. ఉంచు, బాగుంది. కింద "ఆవలిస్తున్న నీటిగుర్రం" అన్నది మాత్రం తీసేసి, ఎదుటిదానికి కోరలు చూపించి బెదిరిస్తోందని రాయి. ఫోటోలో ఎడమ పక్కన నీటి మీద ఇంకో జత చెవులు కనబడుతున్నాయి. ఆ బెదిరింపు వాటికే కావచ్చు, ఆ చెవులు కత్తిరింపులో పోకుండా చూసుకో.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి